మంగళవారం సూది

ఎమర్జెన్సీ ఎత్తేశాక వచ్చిన చలికాలంలో ఢిల్లీలో సూది అన్న మాట వినిపిస్తే చాలు, జనం లేచి వెళ్ళిపోయేవారు. ఊరికే అనడం లేదు. మా ఆర్కేపురం డిస్పెన్సరీలో ఒక పెద్దమనిషికి జ్వరానికి ఇంజెక్షన్ రాస్తే, చెప్పులు గుమ్మంలోనే వదిలేసి మాయమయ్యాడు. ఆ చెప్పులు చాలా రోజులు అక్కడే పడి ఉన్నాయి. పాపం, వాళ్ళని అనడానికీ లేదు. అంతకు ముందే కదా మనుషుల్ని లారీలెక్కించి తీసుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి పంపింది! ప్రభుత్వం వారి చేతిలో సూది ఉంటే అది ఆ ఒక్క పనికే అని అందరికీ ఖాయమైపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కడుపుతో ఉన్నాను.

తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కానీ మా అక్క నాకన్నా ఓ నెల ముందే కడుపుతో ఉండి, పుట్టింటిని ముందుగానే రిజర్వు చేసేసుకుంది. ఒకే ఇంట్లో ఒకేసారి రెండు పురుళ్ళు పనికిరావని మా బామ్మ తేల్చేసింది. అందుకని మా అత్తగారే ఢిల్లీ వచ్చారు. పశ్చిమ గోదావరి నుంచి రైల్లో ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని, దించితే ఎవరో తన్నేస్తారని, రెండు రాత్రులు నిద్రపోకుండా వచ్చారు. దిగిన మర్నాటి నుంచే మా ఆయన పాత స్వెటరు చీర మీద తొడుక్కుని, మంకీ క్యాపు పెట్టుకుని, ఇంటి పెత్తనం తీసుకున్నారు. ఆవిడ దేనికీ భయపడే మనిషి కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మా ఆయన ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఇంట్లో ఏ విషయం ఎత్తినా ముందు దాన్ని పరిశీలనలో పెట్టేవారు. పెళ్ళికి ముందు అశోకా రోడ్డు వైపు తెలుగు భోజనానికి వెళ్తే, సాంబారా రసమా అన్నది కూడా పరిశీలించేసరికి రెండూ అయిపోయేవని ఆయన స్నేహితులు చెప్పుకుని నవ్వేవారు.

అయిదో నెలలో డిస్పెన్సరీ డాక్టరమ్మ నన్ను చూసింది. తల నెరిసిన పంజాబీ ఆవిడ, గొంతు పెద్దది. "ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఇప్పుడొకటి, నెల దాటాక ఇంకొకటి. నీ ఒంట్లో పుట్టే బలం బిడ్డకీ చేరుతుంది. మంగళవారం రా" అని హిందీలో గడగడా చెప్పి తర్వాతి మనిషిని పిలిచేసింది.

ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు చేటలో బియ్యం ఏరుతున్నారు.

"సూదా? కడుపుతో ఉన్న పిల్లకి సూదేంటి?"

"చేతికేనండీ అత్తయ్యగారూ, కడుపుకి కాదు."

"చెయ్యేమన్నా పక్కింటివాళ్ళదా? నీ ఒంటిదేగా! నువ్వు తిన్న అన్నం బిడ్డకి దిగుతుంది గానీ, నీకెక్కించిన మందు దిగదా?"

నిజానికి డాక్టరమ్మ చెప్పిందీ దాదాపు అదే. ఆవిడ మంచి చేరుతుందని చెప్పింది, ఈవిడ చెడు చేరుతుందని అంటున్నారు. ఇద్దరి మధ్యా నేనూ, నా పొట్టా. పైకి ధైర్యంగా వాదించాను గానీ నాకు మాత్రం భయం లేదా? వేయించుకుంటే బిడ్డకేమన్నా అవుతుందేమో, వేయించుకోకపోతే ఏమన్నా అవుతుందేమో. రెండు భయాలూ పొద్దున్నే నాతోపాటే లేచేవి. మా ఆయన్ని అడిగితే, "అమ్మ అభిప్రాయం ఒకటుంది, డాక్టరు అభిప్రాయం ఒకటుంది. రెండూ చూడాలి" అన్నారు. చూస్తూ ఉండండి, బిడ్డ స్కూలుకెళ్ళేదాకా, అన్నాను.

అత్తగారికి కింద క్వార్టర్లో బలమైన మద్దతు దొరికింది. అక్కడ ఉండే పంజాబీ ఆవిడ నాలుగోసారి కడుపుతో ఉంది, నాకూ ఆవిడకీ ఇంచుమించు ఒకే నెల. మధ్యాహ్నాలు మెట్ల దగ్గర ఎండలో కూర్చుని ఆవిడ స్వెటరు అల్లేది, మా అత్తగారు వడియాలకి కాపలా కాసేవారు. ఈవిడ తెలుగు, ఆవిడ పంజాబీ. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా గంటల తరబడి మాట్లాడుకునేవారు. మా ఆయనా నేనూ ఒకే భాషలో మాట్లాడుకుంటూ అంతసేపు ఎప్పుడూ నెగ్గుకురాలేదు.

ఒకరోజు అత్తగారు గబగబా మెట్లెక్కి వచ్చారు. "విన్నావా? ఆ సూది వేస్తే ఇంక పిల్లలే పుట్టరట. నస్‌బందీ అట."

"ఆవిడ చెప్పింది మీకెలా అర్థమైందండీ?"

"వేళ్ళతో కత్తెర చూపించింది. కత్తెర ఏ భాషలోనైనా కత్తెరేగా!"

"ఇది పుడితే చాలు నాకు. తర్వాతి సంగతి తర్వాత" అన్నాను చిరాగ్గా. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆ మాటకి ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మజ్జిగ కావాలన్నా మా ఆయన ద్వారా అడిగించారు.

మంగళవారం వచ్చింది. డిస్పెన్సరీలో గర్భిణీలకి సూది వేసేది మంగళవారమే. అత్తగారు పంచాంగం తీసి, కళ్ళజోడు సవరించుకుని, మంగళవారం కొత్త పని మొదలెట్టకూడదన్నారు. పైగా పదింటిదాకా వర్జ్యం అన్నారు. నేను శాలువా కప్పుకుని బయల్దేరాను. వెనక నుంచి ఎవరో తుమ్మారు. ఆ తుమ్ము సహజమైనదో, తెచ్చిపెట్టుకున్నదో చెప్పలేను.

ఇంత తెగించి వెళ్ళానా, అక్కడ బెంచీ మీద నేనొక్కదాన్నే. నర్సు నన్నూ ఖాళీ బెంచీనీ చూసి తల అడ్డంగా ఊపింది. సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుందట. ఒకసారి తెరిస్తే మిగిలింది పారబోయాలట. ఒక్కదాని కోసం సీసా తెరవరట. "ఔర్ ఔరతోఁ కో లేకర్ ఆవో" అంది, ఇంకొందరిని పట్టుకురమ్మని. వేయించుకో అనేదీ వాళ్ళే, వెయ్యం అనేదీ వాళ్ళే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నేనేదో అన్నాను, ఆవిడేదో అంది, కోపంతో నడిచి ఇంటికొచ్చేశాను.

"దేవుడే అడ్డుపడ్డాడు" అన్నారు అత్తగారు. మొహం వెలిగిపోతోంది.

దాంతో నాకు పంతం పెరిగింది. ఆడవాళ్ళు కావాలా? తెస్తాను! మా బ్లాకుల్లో కడుపుతో ఉన్నవాళ్ళు తక్కువేం లేరు. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టాను. కానీ ఒక సంగతి మర్చిపోయాను. ఎమర్జెన్సీలో ప్రభుత్వోద్యోగులకీ, టీచర్లకీ ఇన్నేసి ఆపరేషన్ కేసులు తేవాలని లెక్క పెట్టారు. కేసుల కోసం ఇల్లిల్లూ తిరిగేవాళ్ళని మోటివేటర్లనేవారు. ఇప్పుడు తలుపు తట్టి, నవ్వుతూ, ఇంజెక్షన్ గురించి మాట్లాడే ఆడది కనిపిస్తే జనం ఏమనుకుంటారు? నన్ను చూడగానే ఒకావిడ తలుపు సందులోంచి పైకీ కిందకీ చూసి, "ఖుద్ పేట్ సే హై, ఔర్ హమారీ నస్‌బందీ కరానే ఆయీ హై!" అంది. తను కడుపు పెంచుకుని మాకు కోయించడానికొచ్చింది అని. తలుపు నా ముక్కు ముందే పడింది.

పోనీ తెలుగువాళ్ళ దగ్గరికి వెళ్దామని, వెనక బ్లాకులో ఉండే వరంగల్ ఆవిడ తలుపు తట్టాను. ఆవిడ నన్ను సాంతం చెప్పనివ్వలేదు. "మాకు ఆపరేషన్ ఎప్పుడో అయిపాయెనక్కా, ఇంకో ఇల్లు జూస్కోరాదు" అంది, కూరలమ్మేవాణ్ణి పంపినట్టు. ఆవిడకి అప్పుడు ఎనిమిదో నెల.

వారం తిరక్కుండానే మా ఆయన ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చారు. సెక్షన్లో ఎవరో "మీ మిసెస్‌కి ఇంకా ఎన్ని కేసులు కావాలట?" అని అడిగారట. "కొన్నాళ్ళు ఈ వ్యవహారం పెండింగులో పెడితే?" అన్నారు. కడుపు పెండింగులో ఉండదండీ, అన్నాను. ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా.

అత్తగారు నా ఏడుపు చూసి జాలిపడ్డారో, ఒక్క దెబ్బతో కథ ముగిద్దామనుకున్నారో గానీ, "పద, ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళు. నేనే కడిగేస్తాను" అన్నారు. స్వెటరు, శాలువా, మంకీ క్యాపు, చేతిలో సంచీ. మధ్యలో దుబాసీ పని నాది.

గదిలోకి వెళ్ళీవెళ్ళగానే, "అడుగు. తన కడుపున పుట్టిన పిల్లల్ని కూడా ఇలాగే పొడిపించిందా అని" అన్నారు.

"మీ అమ్మాయిలు కూడా ఈ ఇంజెక్షన్ వేయించుకున్నారా అని అడుగుతున్నారండీ" అన్నాను హిందీలో.

"ఇద్దరికీ నేనే వేశాను. మనవలు గుండ్రాళ్ళలా ఉన్నారు. ఆవిడ అంత మర్యాదగా అడిగినట్టు లేదే?" అంది డాక్టరమ్మ. తర్వాత వేలు చూపించి, "ఇలాంటి ముసలమ్మల వల్లే నా బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి. మాట్లాడితే ముందు ఆవిడకే పొడుస్తానని చెప్పు" అంది.

"ఏంటంటంది?"

"మిమ్మల్ని చూస్తే వాళ్ళమ్మ గుర్తొస్తోందట."

"అబద్ధాలాడకు. వేలు చూపించి మరీ తిట్టింది."

డాక్టరమ్మకి ఎందుకో నవ్వొచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకుని, ఈసారి నెమ్మదిగా చెప్పింది. ఈ జబ్బు తల్లి కంటే పసిబిడ్డకి ఎక్కువ ప్రమాదం. బిడ్డ బాగానే పుడుతుంది, బాగానే పాలు తాగుతుంది. నాలుగు రోజులో వారమో గడిచాక ఉన్నట్టుండి పాలు పట్టడం మానేస్తుంది. దవడలు బిగుసుకుపోతాయి. ముట్టుకుంటే చాలు ఒళ్ళు కర్రలా అయిపోతుంది. తర్వాత దాన్ని కాపాడటం చాలా కష్టం. తల్లికి ముందే సూది వేస్తే బిడ్డ ఆ రక్షణతోనే పుడుతుంది. "ఇలాంటిది ఎప్పుడైనా చూశారేమో అడుగు" అంది.

అడిగాను. అత్తగారు మంకీ క్యాపు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నా పెద్దాడు" అన్నారు.

నాకు తెలిసి ఆవిడ పెద్దకొడుకు మా ఆయనే. తెల్లబోయి చూశాను.

"మీ ఆయన కంటే ముందు. నిక్షేపంలా పుట్టాడు. వారం తిరిగేసరికి పాలు మానేశాడు. రొమ్ము నోట్లో పెడదామంటే నోరు తెరవడే! వేలితో తీద్దామన్నా రాలేదు. ఎంత బతిమాలానో అమ్మాయ్, పసిగుడ్డుని, నోరు తెరవరా నాన్నా అని."

డాక్టరమ్మకి భాష తెలియదు గానీ కలం కింద పెట్టేసింది.

"ఉక్కగా ఉందని సందేళ వాణ్ణి వసారాలోకి తెచ్చాను. పైన పక్షి ఎగిరిందట, దాని నీడ పడిందట. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అదే మాట. నీ మూలానే పోయాడు, నీ మూలానే పోయాడు అని. నువ్వు అడుగు ఆవిణ్ణి. నేను తీసుకురాబట్టేనా?"

ఆ ప్రశ్నని నేను మెత్తగా మార్చలేదు. ఉన్నదున్నట్టు అడిగాను. డాక్టరమ్మ బొడ్డు దేనితో కోశారని అడిగింది. కొడవలితో అన్నారు అత్తగారు. దాని మీద ఏం పెట్టారంది. పేడ కచిక, ఆ బూడిదే అందరూ పెట్టేవారు, అన్నారు.

"అక్కడి నుంచే ఎక్కింది విషం. పక్షీ కాదు, సాయంత్రమూ కాదు, ఈవిడా కాదు. చెప్పు. రెండుసార్లు చెప్పు" అంది డాక్టరమ్మ. మొదట చూసినప్పటి గొంతు కాదు అది.

రెండుసార్లు చెప్పాను. అత్తగారు గోడకేసి చూస్తూ, "అయితే నేను కాదన్నమాట" అన్నారు. ఆ మాట తనకే చెప్పుకున్నారు. నాకు ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. మా ఇళ్ళల్లో అత్తాకోడళ్ళకి ఆ అలవాటు లేదు కాబట్టి ఆవిడ సంచీ పట్టుకున్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, మంకీ క్యాపు మళ్ళీ తలకి లాక్కున్నారు. "మరి ఇంతోటి మందు పెట్టుకుని సీసా తెరవనంటారేంటి వీళ్ళు? ఎంతమంది కావాలట?"

బెంచీ నిండితే చాలు, అంది డాక్టరమ్మ.

"ఓసింతేనా!" అన్నారు అత్తగారు.

ఆ సాయంత్రమే కింద పంజాబీ ఆవిడ దగ్గరికి వెళ్ళారు. నన్ను రావద్దన్నారు, నాకు మోటివేటరన్న పేరు పడింది కదా! మెట్ల మీంచి చూశాను. ఒక తుండుగుడ్డని పసిబిడ్డలా చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. పాలిస్తున్నట్టు చూపించారు. తర్వాత తన పళ్ళు గిట్టకరిచి, చేతులు బిగబట్టి, ఆ గుడ్డని నిటారుగా పట్టుకున్నారు. ఆఖరికి దాన్ని నేల మీద పెట్టి కొంగు కప్పారు. పంజాబీ ఆవిడ అల్లిక పడేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత అత్తగారు వేళ్ళతో కత్తెర చూపించి, తల గట్టిగా అడ్డంగా ఊపి, సూది గుచ్చినట్టు తన జబ్బ మీద పొడుచుకుని చూపించారు. ఇంత ఉపన్యాసంలో ఒక్క హిందీ ముక్క లేదు.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి బ్లాకులన్నీ తిరిగారు. మంకీ క్యాపు పెట్టుకుని, తుండుగుడ్డ ఎత్తుకుని తిరిగే ముసలావిణ్ణి మోటివేటరని ఎవరూ అనుకోలేదు. వరంగల్ ఆవిడ తలుపు తీయడమే కాదు, టీ కూడా ఇచ్చిందట. ఒక్కచోట మాత్రం పొరపాటు జరిగింది. కొంచెం ఒళ్ళున్న ఒకావిడ పొట్ట మీద ఆప్యాయంగా చెయ్యివేసి, ఎన్నో నెల అని వేళ్ళు విప్పి అడిగారు. ఆవిడకి ఏ నెలా కాదు. పైగా ఆవిడ మా ఆయన సెక్షన్ ఆఫీసరు గారి భార్య. మా ఆయన ప్రమోషన్ ఆ తర్వాత చాలాకాలం పరిశీలనలో ఉండిపోయింది.

మంగళవారం పొద్దున్నే నన్ను నిద్రలేపింది అత్తగారే. ఆ వేళ కూడా వర్జ్యం ఉందేమోనని గుర్తుచేశాను, కావాలనే. "వర్జ్యం మనకి గానీ మందుకేంటి?" అన్నారు. డిస్పెన్సరీకి వెళ్ళేసరికి బెంచీ నిండి, ఇంకొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. నర్సు నన్ను గుర్తుపట్టి సీసా మూత తీసింది. ముందు నన్నే తోశారు అత్తగారు. ఇన్నాళ్ళు ఇంత యుద్ధం చేసినదాన్ని, సూది తగలక ముందే కేకపెట్టాను. వెనక ఉన్న ఆడవాళ్ళలో ఇద్దరు లేచి నిలబడ్డారు. పంజాబీ ఆవిడ వాళ్ళని కొంగు పట్టి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం చెయ్యి కాస్త వాచి, ఒళ్ళు వెచ్చబడింది. "చెప్పానా!" అని మొదలెట్టి, మధ్యలోనే ఆగిపోయి, వెళ్ళి చారు కాచి తెచ్చారు అత్తగారు. రెండో రోజుకి అంతా తగ్గిపోయింది. లోపలున్నది మాత్రం ఇవేవీ పట్టనట్టు ఎప్పటిలాగే తన్నుతూనే ఉంది. నెల దాటాక రెండోది వేయించుకున్నప్పుడు నేను అరవలేదు. అరిచానని మా అత్తగారు అనేవారు గానీ అది అబద్ధం.

ఎండలు ముదురుతుండగా ఆడపిల్ల పుట్టింది, ఆస్పత్రిలో. అప్పటికి మా అత్తగారు హిందీ కొంత నేర్చుకున్నారు, తనకి పనికొచ్చేంత మేరకు. కాన్పు గది గుమ్మంలో నిలబడి వచ్చేపోయే ప్రతి నర్సునీ "కైంచీ ఉబాలా?" అని అడిగారట, కత్తెర మరగబెట్టారా అని. చివరికి ఒక నర్సు విసుగెత్తి, మరుగుతున్న గిన్నె తెచ్చి చూపించి వెళ్ళిందట. ఇంటికొచ్చాక బొడ్డు మీద ఏమీ రాయనివ్వలేదు. ఆముదం కూడా.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నవ్వడం తగ్గించారు. పిల్ల పాలు తాగుతున్నంతసేపూ నా పక్కనే కూర్చుని దాని దవడలకేసి చూసేవారు. మాకు డాక్టరమ్మ మాట మీద నమ్మకం ఉంది. అయినా వారం తిరిగే రోజు ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

ఆ మధ్యాహ్నం పిల్ల నిద్రలేచి ఏడుపు అందుకుంది. అలాంటిలాంటి ఏడుపు కాదు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, బ్లాకు మొత్తం మారుమోగింది. ఆదివారం కావడంతో మా ఆయన ఇంట్లోనే ఉండి, చెవులు మూసుకుని, "ఎవరైనా ఏదైనా చెయ్యండి!" అన్నారు. పై అంతస్తువాళ్ళు నేలని కర్రతో కొట్టారు. నేను ఎత్తుకుందామని లేచాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఉయ్యాల ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నారు.

"ఉండవే, ఒక్క క్షణం ఏడవనీ. ఆ నోరు చూడు అమ్మాయ్. ఎంత పెద్దగా తెరుస్తోందో చూడు."